చార్లీకి జలుబు

పిల్లలకు ఎక్కాలు నేర్పడం తేలికే. వాళ్ల తల్లిదండ్రులకు ఒక్క విషయం తెలియజేయడం ఉంది చూశారూ, అది దేవుడికి కూడా చేతనైన పని కాదు. యుగయుగాలుగా ఆయన పడుతున్న పాట్లన్నీ అవే కదా!

నా పేరు క్లారా. పటేల్‌గూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి టీచర్ని. పైగా ఇన్‌ఛార్జిని. ఇన్‌ఛార్జి అంటే పెద్దగా ఏమీ లేదు. మంచి జరిగితే అది కరస్పాండెంట్ నరసరాజు గారి గొప్ప, చెడు జరిగితే అది నా నెత్తిన.

మార్చి మొదట్లో ఐదో తరగతిలో ఇద్దరు పిల్లలకు చికెన్‌పాక్స్ తేలింది. మనవాళ్లు ఆటలమ్మ అంటారే, అదే. ఇంటింటికీ వెంటనే తెలియాలని వాట్సాప్‌లో పెట్టడానికి నాలుగు ముక్కలు రాసి నరసరాజు గారికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని చదివారు.

"చికెన్‌పాక్స్ అనే మాట వద్దు మేడం. అడ్మిషన్ల టైము. స్వల్ప అస్వస్థత అని రాయండి."

"స్వల్ప అస్వస్థత అంటే కడుపునొప్పి అనుకుంటరు సార్."

"అనుకోనీయండి. కడుపునొప్పికి ఎవరూ టీసీ అడగరు."

అరగంట వాదించి నా మాట నెగ్గించుకున్నాను. 'మన బడిలో రెండు చికెన్‌పాక్స్ కేసులు వచ్చాయి. ఒంటి మీద నీటి పొక్కులు, జ్వరం ఉంటే పిల్లలను బడికి పంపకండి. వెంటనే మాకు ఫోన్ చేయండి. మీ పేరు బయట పెట్టం.' ఇంతకంటే తేటగా ఎవరు రాస్తారు? అయినా జవాబులు చూడండి. చాలామంది దండాలు పెట్టారు. ఒకాయన రేపు సెలవా అని అడిగాడు. ఒకావిడ కోడికూర వండుకోవచ్చా అని అడిగింది. ఇంకెవరో గులాబీ పువ్వు పెట్టి శుభోదయం అన్నారు, అదీ సాయంత్రం పూట. బొల్లారంలో మందుల కంపెనీలో పనిచేసే ఎల్లయ్య అనే తండ్రి ఒక్కడే మెసేజ్ పూర్తిగా చదివినట్టున్నాడు. గొంతు రికార్డు చేసి మరీ నన్ను కడిగేశాడు.

"మేడం, అమ్మ పోస్తే రోగమంటరా? కేసులంటరా? అమ్మ ఏమన్న దొంగతనం చేసిందా, కేసు వెట్టనీకి? చెంపలేసుకోండ్రి."

ఆ తర్వాత రెండు వారాలు నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. బడిలో ఇంకెవరికీ పొక్కులు రాలేదని కాదు. నీటి పొక్కుల మచ్చలు మొహాన వేసుకుని, ఊరికి పోయొచ్చామని చెప్పిన పిల్లలు పై తరగతుల్లో కనీసం నలుగురున్నారు. అడిగితే తల్లులు, "రోగమొస్తే చెప్పమన్నరు గద మేడం, ఇది రోగం గాదు గద" అన్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినా అతనికి బుగ్గలు ఉబ్బడమైనా కనిపిస్తుంది. నాకు ఆపాటి గుర్తింపు కూడా దక్కలేదు.

నాకెందుకింత ఆత్రమంటే, నా తరగతిలో రుచిత ఉంది.

రుచితకు ఎనిమిదేళ్లు. రక్తంలో కాన్సర్ వచ్చి, రెండేళ్లు ఆస్పత్రిలోనే సగం బతుకు గడిపి, ఇప్పుడు రోజూ మాత్రలు మింగుతూ బడికి వస్తోంది. జుట్టు ఈమధ్యే మళ్లీ మొలిచింది, దానికి రెండు క్లిప్పులు పెట్టుకుని ఊరేగుతుంది. మామూలు పిల్లలకు ఆటలమ్మ అంటే వారం రోజుల దురద. ఆ మాత్రలు మింగే పిల్లకు మాత్రం ప్రాణం మీదికే వస్తుంది. పట్నంలో డాక్టర్లు వాళ్లమ్మ నాగేశ్వరికి గట్టిగా చెప్పి పంపారు. పక్కన ఎవరికైనా వచ్చిందని తెలిస్తే చాలు, ఈ పిల్లకు పొక్కులు వచ్చేదాకా చూడకుండా తీసుకురండి, ఒక ఇంజెక్షన్ ఇస్తాం. ఎంత తొందరగా తెస్తే అంత మంచిది, నాలుగైదు రోజులు దాటితే దాని బలం తగ్గిపోతుంది.

బడిలో చేర్చిన రోజు నాగేశ్వరి నా రెండు చేతులూ పట్టుకుంది. "మేడం, హోంవర్కు చెయ్యకుంటే కొట్టుండ్రి, నేనేమనను. గానీ బడిల ఎవలకన్న పోస్తే మాత్రం నాకు జల్దీ చెప్పుండ్రి. ఇగ నా బిడ్డ మీ చేతుల ఉన్నది."

చెప్తానని మాట ఇచ్చాను. ఐదో తరగతి సంగతి తెలియగానే మొదటి ఫోన్ ఆమెకే చేశాను. ఆమె పిల్లను ఇంట్లో పెట్టుకుంది. వారం దాటాక, మూడో తరగతిలో ఎవరికీ లేదని చెప్పి నేనే రప్పించాను. ఒకవేళ వస్తే, ఈ తరగతి వాళ్లంతా నాకు తెలిసినవాళ్లే, చెప్పకుండా ఉంటారా అనుకున్నాను. పిచ్చిదాన్ని.

రుచిత పక్కన కూర్చునేది చార్లీ. వాడు మా చర్చిలో సంఘ పెద్ద సుందర్‌రాజు అంకుల్ మనవడు. ఒక సోమవారం వాడు బడికి రాలేదు. వాళ్ల నానమ్మ దయావతి ఆంటీకి ఫోన్ చేశాను.

"చార్లీకి జలుబమ్మా" అంది.

"జ్వరమున్నదా ఆంటీ?"

"జలుబే."

"ఒంటి మీద ఏమన్న పొక్కులు..."

"జలుబంటున్న గద క్లారా! ప్రార్థన చెయ్యి."

ఆమె మా స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. చిన్నప్పుడు ఆదివారం బడిలో అబద్ధమాడకూడదని నాకు నేర్పిన మనిషి ఆమే. నమ్మకేం చేస్తాను?

మర్నాడు మంగళవారం. ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నం ఖాళీ. స్త్రీల ప్రార్థన ఆ వారం దయావతి ఆంటీ ఇంట్లోనే ఉంటే వెళ్లాను. ముందు గదిలో చాపలు పరిచారు. పాట మొదలైంది. కాసేపటికి లోపలి గది నుంచి పిల్లవాడి మూలుగు వినిపించింది. ఆంటీ గొంతు పెంచింది. మూలుగు పెరిగింది. ఆంటీ ఇంకా పెంచింది. ఆ రోజు ఆ పాట దేవుడి చెవిన పడిందో లేదో కానీ బీరంగూడ దాకా వినపడి ఉంటుంది.

నీళ్లు తాగే వంకతో లేచి వంటింట్లోకి పోయాను. వెనక తీగ మీద చార్లీ బనియన్లు ఆరేసి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఉతికినా పోని గులాబీ రంగు మరకలు. దురదకు పూసే మందు. జలుబుకు వీపంతా పూసే మందు ఏదైనా ఉందంటే నేను ఇంతవరకు వినలేదు. తిన్నగా పోయి లోపలి గది తలుపు తోశాను. మంచం మీద చార్లీ, నుదురు నుంచి నడుము దాకా పొక్కులు. గోక్కోకుండా చేతులకు మేజోళ్లు తొడిగారు. వాళ్లమ్మ బ్యూలా పక్కన కూర్చుని విసురుతూ నన్ను చూసి తల దించుకుంది.

ఆంటీ నా వెనకే వచ్చి నన్ను వంటింట్లోకి లాగింది.

"ఎన్నడు మొదలైంది ఆంటీ?"

"మెల్లగ మాట్లాడు. అందరున్నరు."

"ఎన్నడు?"

"ఆదివారం పొద్దుగాల. చర్చికి తయారు చేస్తుంటే వీపు మీద అవుపడ్డది."

పొక్కులు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది. శుక్రవారం ఇంటర్వెల్‌లో చార్లీ, రుచిత ఒకే డబ్బాలో తినడం నేను కళ్లారా చూశాను. స్నేహమంటే అలా ఉండాలని మురిసిపోయాను కూడా.

"నిన్న అడిగితే జలుబంటివి గద! ఎందుకు దాచినవు?"

"ఏమని చెప్పాలె క్లారా? పక్కింట్లనే ఎల్లయ్య ఉంటడు. ఆయన పెండ్లాం నర్సింహమ్మకు తెలిస్తే ఏమంటదో ఎరుకేనా? 'చూసినవా దయావతమ్మా, మీ ఇంటికి గూడ అమ్మ వచ్చింది. ఒక కోడిని కొయ్యి, సల్లవడ్తది' అంటది. మా అత్తను గట్లనే అన్నరు. నా మొగనికి చిన్నప్పుడు పొక్కులొచ్చిన ముచ్చట, ఆమె సచ్చేదాక అన్నరు. ఇప్పుడు ఆయన సంఘ పెద్ద. డాక్టరు చీటిల ఏమన్న రాయనీ, ఈ గల్లీల నోట్ల అది అమ్మనే. ఆ మాట మా ఇంటి మీద పడొద్దనే దాచిన."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. రోగం అన్నందుకు ఎల్లయ్య నన్ను తిట్టాడు. అమ్మ అంటారన్న భయంతో ఈమె దాచింది. కొందరు అది రోగం కాదు కాబట్టి చెప్పరు, కొందరు అది అమ్మ కాదు కాబట్టి చెప్పరు. నడుమ ఆ వైరస్ మాత్రం గుడికీ చర్చికీ పోకుండా తన పని తాను చక్కగా చేసుకుపోతోంది.

"ఆంటీ, చార్లీ పక్కన కూసునేది ఎవరో ఎరుకేనా? రుచిత."

ఆమె మొహం పాలిపోయింది. పోయినేడు ఆ పిల్ల ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ప్రతి మంగళవారం ఈ చాపల మీదే ఆమె పేరు పెట్టి ప్రార్థన చేశాం. చేయించింది ఆంటీయే.

"మనం ప్రార్థన చేసిన పిల్లనా?"

"ఆ పిల్లనే."

నేను నాగేశ్వరికి ఫోన్ కలిపాను. మోగింది, మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. అప్పుడు గుర్తొచ్చింది. ఆమె బొల్లారంలో ఒక మందుల కంపెనీ పాకింగ్‌లో పనిచేస్తుంది. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే పెట్టి పోవాలి. రెండో షిఫ్టు, రాత్రి పదింటిదాకా. భర్త లారీ మీద నాగపూర్ వైపు పోయాడు. ఇంట్లో ఉన్నది అత్త మొగులమ్మ. ఆమెకు చేస్తే, "ఆస్పత్రి ఫైలు బీరువల ఉన్నది బిడ్డా. తాళం చెవి కోడలు నడుముకు ఉన్నది. నన్నేం జెయ్యమంటవు?" అంది. ఫైలూ తల్లీ లేకుండా ఆస్పత్రి వాళ్లు సూది వేయరు. రాత్రిదాకా ఆగితే ఇంకో రోజు పోయినట్టే.

స్కూటీ తీశాను. స్టార్ట్ చేసేలోపు వెనక సీటు బరువెక్కింది. చూస్తే దయావతి ఆంటీ, ప్రార్థనకు కట్టిన తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని కూర్చుంది.

"నువ్వెందుకు ఆంటీ?"

"నడువ్. ఎన్నడు మొదలైందో చెప్పాల్సింది నేను గద."

బొల్లారం రోడ్డు సంగతి తెలిసిందే. ముందు కంపెనీ బస్సు, పక్కన షేర్ ఆటో, మధ్యలో గుంటలు, అన్నిటి మీదా ఆ ఘాటు వాసన. దారంతా నేను తిడుతూనే ఉన్నాను. ఆంటీని, ఎల్లయ్యను, నరసరాజు గారిని, గులాబీ పువ్వు పెట్టినవాళ్లను, ఎవరినీ వదల్లేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన బిహార్ మనిషి. నాకొచ్చిన హిందీ నాలుగు ముక్కలూ కూడగట్టుకున్నాను.

"భయ్యా, పాకింగ్ మే నాగేశ్వరి హై. జర బులావ్. అర్జెంట్ హై."

"షిఫ్ట్ ఖతమ్ హోనే కే బాద్, మేడం. యహా సబ్‌కా అర్జెంట్ హై." షిఫ్టు అయ్యాకేనట, ఇక్కడ అందరిదీ అర్జెంటేనట.

"బచ్చీ కే జాన్ కా సవాల్ హై భయ్యా! వైరస్ కా కేస్ హై, వైరస్!"

వైరస్ అనే మాట చెవిన పడగానే ఆయన వెనక్కి జరిగాడు. గడ్డం కింద వేలాడుతున్న మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాడు. గోడ మీద కరోనా కాలం నాటి బోర్డు చూపించాడు. వైరస్ లక్షణాలున్నవారికి ప్రవేశం లేదట. "ఆప్ భీ దూర్ జాయియే" అని మమ్మల్నీ దూరం పొమ్మని చిన్న గేటు కూడా మూసేశాడు.

నా తల ప్రాణం తోకకొచ్చింది. రెండు వారాలుగా నేను గొంతు చించుకుంటుంటే పట్టించుకున్నవాడు లేడు. చివరికి పట్టించుకునేవాడు ఒకడు దొరికితే, వాడు నా మొహం మీదే గేటేశాడు. ఏడుపొచ్చింది. కోపంతో వచ్చే ఏడుపు.

గేటు పక్కన టీ బండి ఉంది. ఓవర్‌టైం చేసి దిగినవాళ్లు నలుగురైదుగురు నిలబడి తాగుతున్నారు. వాళ్లలో ఎల్లయ్య కూడా ఉన్నాడు, ఆయనదీ ఇదే కంపెనీ. నేను చూశాను. ఆంటీ నాకంటే ముందే చూసింది. ఒక్క క్షణం ఆమె చెయ్యి కొంగు మీదికి, మొహం కప్పుకోవడానికన్నట్టు పోయింది. తర్వాత ఆ చెయ్యి కిందికి దించి, నన్ను పక్కకు నెట్టి గేటు దగ్గరికి వెళ్లింది.

"భయ్యా! మాతా ఆయీ!"

సెక్యూరిటీ ఆయన తల తిప్పాడు.

"మేరే పోతే కో ఛోటీ మాతా ఆయీ. నాగేశ్వరి కీ బచ్చీ ఉస్‌కే బాజూ మే బైఠీ థీ. ఉస్‌కో బులావ్ భయ్యా."

ఆంటీ వాళ్ల మేడ మీద బిహార్ కుర్రాళ్లు కిరాయికుంటారు. ఛోటీ మాతా, అంటే హిందీలో మన ఆటలమ్మ, వాళ్ల నోట విన్న మాటే అయ్యుంటుంది. ఏ మాట తన గడప మీద పడకూడదని మూడు రోజులు తలుపులు మూసుకుని పాటలు పాడిందో, ఆ మాటను నలుగురిలో అరిచి చెప్పింది.

ఆయన టోపీ తీశాడు. చెయ్యి నుదుటికి తాకించుకున్నాడు. "ఛోటీ మాతా?" అని మెల్లగా అని, చిన్న గేటు తీసి, లోపలి ఫోన్ అందుకున్నాడు. "పాకింగ్ సే నాగేశ్వరి కో భేజో. అభీ. మాతా కా మామ్లా హై." మా ఇద్దరికీ కుర్చీ కూడా వేశాడు. నేను ప్రాణమన్నా తెరుచుకోని గేటు అలా తెరుచుకున్నందుకు సంతోషపడాలో, నెత్తి బాదుకోవాలో తెలియలేదు.

ఎల్లయ్య గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చాడు. "దయావతమ్మా, మీ ఇంట్లనా?"

"మా ఇంట్లనే ఎల్లయ్యా. మా చార్లీకే."

ఇక కోడి మాట ఎత్తుతాడని నేను పళ్లు బిగపట్టుకున్నాను. ఆయన ఎత్తలేదు. "పిలగాడు మంచిగున్నడా?" అని మాత్రం అడిగాడు. ఆంటీ తలూపింది.

నాగేశ్వరి తల మీద నీలం టోపీతో పరుగున వచ్చింది. నన్ను చూడగానే ఆమె కాళ్లు నెమ్మదించాయి. ఎందుకొచ్చి ఉంటానో ఆమెకు తెలుసు. నేను నోరు తెరిచేలోపు ఆంటీ ముందుకు పోయి ఆమె చేతులు పట్టుకుంది.

"మా చార్లీకి పోసింది బిడ్డా. ఆదివారం పొద్దుగాల. మేడం అడిగింది, నేనే చెప్పలే. జలుబని అబద్ధమాడిన. ఇగ నిలవడకు, బిడ్డను తీస్కొని పో."

నాగేశ్వరి ఆమెను చూసింది. చేతులు విడిపించుకుని రోడ్డు మీదికి నడిచింది. ఎల్లయ్య అప్పటికే ఒక షేర్ ఆటోను ఆపి, "దిగుండ్రి, దిగుండ్రి, అమ్మ పని మీద పోతున్నరు" అని ఉన్నవాళ్లను దింపుతున్నాడు. ఒక్కరూ ఎదురు మాట్లాడకుండా దిగారు. స్కూటీనీ ఆంటీనీ అక్కడే వదిలేసి నేనూ ఆటో ఎక్కాను.

దారిలో నాగేశ్వరి ఒక్కటే మాట అంది. "మేడం, ఎవ్వలకు లేదని మీరు చెప్తేనే పంపిన."

అవును, నేనే చెప్పాను. నాకెవరూ చెప్పలేదని అనొచ్చు. అది ఆమెకు ఎందుకు పనికొస్తుంది?

పిల్లనూ ఫైలునూ తీసుకుని పొద్దు గూకేలోపు పట్నంలో ఆస్పత్రికి చేరాం. ఇంజెక్షన్ వేశారు. టైము మించిపోలేదు, కానీ వేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు, నెలరోజులు కనిపెట్టి చూడాలి అన్నారు. ఆ తర్వాత రుచితకు నాలుగంటే నాలుగు పొక్కులు వచ్చి ఆరిపోయాయి. కానీ ఆ సాయంత్రం ఆ సంగతి మాకెవరికీ తెలియదు. నాగేశ్వరి ఇంకా కంపెనీ టోపీ తీయకుండానే బిడ్డ మంచం పక్కన కూర్చుంది. వస్తానని చెప్తే తలూపింది, నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున బడికి పోతూ దయావతి ఆంటీ గల్లీలోంచి వెళ్లాను. వాళ్ల గేటు ముందు గలాటా. గేటుకు రెండు వైపులా వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. తెల్లారకముందే నర్సింహమ్మ వచ్చి కట్టి పోయిందట, ఎవరూ అడగకుండానే. సుందర్‌రాజు అంకుల్ ఒక వైపు కొమ్మను, కట్టిన సుతిలి తాడుతో సహా, అప్పటికే పీకేశారు.

"సంఘ పెద్ద ఇంటికి యాపకొమ్మలా? ఎవరనుకున్నరు మమ్ముల?"

ఆంటీ బయటికొచ్చింది. "రెండోది తియ్యకుండ్రి."

"నీకు మతి ఉన్నదా దయా?"

"ఉన్నది. పొద్దుగాల సంది ఈ కొమ్మ చూసి ఒక్క పోరడు మన గేటు ముట్టలే. ఒకామె చంకల పసిపిల్లను పెట్టుకొని అవతలి దిక్కు నుంచి పోయింది. నేను జలుబన్న. ఆ జలుబుకు ఒక పిల్ల దవాఖానల ఉన్నది. ఇగ ఈ గల్లీల నేను నోటితోని ఏం చెప్పినా ఎవరు నమ్ముతరు?"

అంకుల్ నా వైపు తిరిగారు. "క్లారా, నువ్వన్న చెప్పమ్మా. సదువుకున్నదానివి."

నాకూ ఆ కొమ్మ నచ్చలేదు. ఆదివారం చర్చిలో దీని మీద ఎంత రభస జరుగుతుందో, అందులో నన్నెంత దులుపుతారో కూడా తెలుసు. కానీ నా తరగతి పిల్లల్లో సగం మంది ఈ గల్లీ వాళ్లే. సాయంత్రమైతే ఈ గేటు ముందే ఆడుకుంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. నా మీద, అంకుల్ మీద, ఆ కొమ్మ మీద, అందరి మీదా.

"గా సుతిలి ఇటియ్యుండ్రి అంకుల్" అన్నాను.

ఆయన ఇవ్వలేదు. ఆంటీ ఆయన చేతిలోంచి తీసుకుని ఇచ్చింది. కింద పడ్డ కొమ్మ దుమ్ము దులిపి, ఆమె పట్టుకుంటే నేను గేటుకు కట్టాను.